మందారానికి నల్లకళ్ళద్దాలు

గుమ్మడివలసలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఊరంతా నవ్వుతుంది. గవరయ్య ఇంట్లో అడిగితే మాత్రం ముగ్గురు ఒకేసారి చెయ్యెత్తుతారు. ఒకడు గవరయ్య, రెండోది వాడి పెళ్ళాం పైడమ్మ, మూడోవాడు వాడి తమ్ముడు సన్నాసి. ముగ్గురికీ కలిపి ఒక్క బుర్ర ఇస్తే, దాన్ని కూడా పాడైపోతుందని అటకెక్కించి మరిచిపోయే రకం. కానీ ఆ గీర చూడాలి! వీధి తలుపు మీద సున్నంతో రాయించుకున్నారు, 'ఆలోచించి తలుపు కొట్టవలెను' అని. పాలు పోసే మనిషి వచ్చి తలుపు కొడితే లోపల్నుంచి సన్నాసి కేక.

"ఏటి ఆలోచించేవు? చెప్తేనే తీస్తాను."

"పాలు విరిగిపోతాయేమోనని ఆలోచించేను బాబూ."

"ఊఁ, పరవాలేదు. ఆలోచనే," అని గడియ తీస్తాడు. ఏమీ ఆలోచించకుండా వచ్చినవాళ్ళని వెనక్కి పంపేస్తాడు. ఒకసారి సొంత అన్ననే పంపేశాడు. వాడు వీధి అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుని ఆలోచించాడు. ఒక్క ఆలోచనా రాలేదు. చివరికి వాళ్ళమ్మ వచ్చి తలుపు తీసింది.

ఆ అమ్మ పేరు బంగారమ్మ. ఆ ఇంట్లో తెలివి ఉన్నది ఆవిడ ఒక్కదాని దగ్గరే. దాన్ని వాళ్ళు చాదస్తం అంటారు. అనరూ మరి! పొయ్యి రాజేసేది ఆవిడ, నీళ్ళు తోడేది ఆవిడ, ముగ్గురి ముందూ కంచాలు పెట్టేది ఆవిడ. ఒకరు పని చేస్తూ ఉంటే పక్కన కూర్చుని చాదస్తం అనడానికి తీరిక బాగా దొరుకుతుంది.

బంగారమ్మకి ప్రాణంతో సమానమైనవి రెండున్నాయి. కొడుకులు కాదు, పెరట్లో పూలచెట్లు. ఒకటి నందివర్ధనం, ఒకటి ముద్దమందారం. కాపరానికి వచ్చిన ఏడు పుట్టింటి పెరట్లోంచి కొమ్మలు తెచ్చి గుచ్చింది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, తడి చేత్తో నాలుగు పూలు కోసి దేవుడి ముందు పెట్టనిదే గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. ఇప్పుడు ఆ మనిషీ ముసలిదైంది, చెట్లూ ముసలివయ్యాయి. కింద అంతా ఆకు లేని మోడుకర్రలు, పూలన్నీ ఎక్కడో కొసని. ఆవిడకేమో నడుం వంగింది, కళ్ళకి శుక్లాలొచ్చాయి. పీటెక్కి ఒకసారి కొమ్మ పట్టుకోబోయి కొమ్మనుకుని గాలిని పట్టుకుంది. కింద పడింది. ఆ పడ్డప్పుడు ముగ్గురు తెలివైనవాళ్ళూ ఏం చేశారనుకున్నారు? "అమ్మా, లేచాక కాస్త మజ్జిగ కలిపి పెట్టు," అన్నారు.

పక్కింటి నరసాయమ్మ గోడ దూకినంత పని చేసి వచ్చి లేపింది.

"ఆ కొయ్యముక్కల్ని కొట్టించి పారెయ్యొదినా. కొత్తవి నాటుకో," అంది.

"ముసలిదైందని కొట్టించేస్తారేటే? అలాగైతే ముందు నన్ను కొట్టించాల," అంది బంగారమ్మ. "దానికి పద్ధతుంది. ముదిరిపోయిన కొమ్మల్ని ఈ ఏడు కొన్ని, పై ఏడు కొన్ని మొదలంటా తీసేస్తే, అడుగునుంచి కొత్త చిగుళ్ళొస్తాయి. అప్పుడు పువ్వు నా చేతికే అందుతాది. నా చేత్తో కోసిన పువ్వు దేవుడి దగ్గర పెట్టి ఎన్నాళ్ళయిందే నరసా! ఆ ఒక్కటీ అయితే చాలు, ఇంకేటీ అక్కర్లేదు."

ఈలోగా కంటి ఆపరేషన్ కుదిరింది. పట్నంలో చెల్లెలింట్లో ఉండి చేయించుకోవాలి. ఒక కన్ను ముందు, రెండోది తరవాత. పూర్తిగా మానేదాకా ఈ దుమ్ములోకీ పొగలోకీ రావద్దన్నారు. ఆవిడకి ఆపరేషన్ భయం లేదు, చెట్ల బెంగే. నాలుగు వానలు పడగానే కొమ్మలు తీసెయ్యాలి, అదను తప్పితే మళ్ళీ ఏడాదిదాకా ఆగాలి. గత్యంతరం లేక ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి చెప్పింది.

"వినండర్రా. వానలు పడగానే ముసలి కొమ్మల్లో కొన్ని మొదలంటా కొయ్యండి. లేతవాటి జోలికి పోవద్దు. మాగిన పేడెరువు మొదట్లో వెయ్యండి. వాన లేని రోజున చెంబెడు నీళ్ళు పొయ్యండి. నన్ను చూసుకున్నట్టు వాటిని చూసుకోండి. నేనొచ్చేసరికి పువ్వు నా చేతికి అందాల. అంతే."

"ఇంత చిన్న పనికి ఇన్ని మాటలేటమ్మా?" అని విసుక్కున్నాడు గవరయ్య.

"ఒదినా, కోతులకి కొబ్బరితోట అప్పజెప్పి వెళ్తన్నావు," అంది నరసాయమ్మ.

"మాకు చెట్లెక్కడం రాదు పిన్నీ," అన్నాడు సన్నాసి వినయంగా.

బంగారమ్మ బస్సెక్కింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ పెరట్లో సభ తీర్చారు.

"అమ్మని చూసుకున్నట్టు చెట్లని చూసుకోమంది. మరి అమ్మని మనం ఎలా చూసుకుంటాం?" అన్నాడు గవరయ్య.

ముగ్గురూ ఆలోచించారు. తల గోక్కున్నారు. ఎంత తోడినా చుక్క పడని నుయ్యి! పాపం, చూసుకున్నదంటూ ఏదైనా ఉంటే కదా గుర్తుకొచ్చేది.

చివరికి సన్నాసి గంతేశాడు. "నాకు తెలుసు! పొద్దున్నే కంచాలు పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చుంటాం. ఆకలేస్తందని అరుస్తాం."

"అవునురా! రోజూ చేస్తన్నాం, గుర్తేలేదు చూడు," అని గవరయ్య మురిసిపోయాడు.

అంతే. మూడు కంచాలొచ్చాయి. ముగ్గురూ మందారం ముందు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. పైడమ్మ విడిచిన బట్టల మూట తెచ్చి నందివర్ధనం మొదట్లో పడేసింది. "అత్తా, ఎండెక్కకముందే జాడించి ఆరెయ్యి," అని చెప్పి మరీ వచ్చి కూర్చుంది.

"అమ్మా, ఆకలేస్తంది," అన్నాడు గవరయ్య మందారంతో.

మందారం పలకలేదు.

"కోపమొచ్చినట్టుంది. అత్తకి కోపమొస్తే ఇలాగే మాట్లాడదు," అంది పైడమ్మ.

గాలి వీచి ఒక ఆకు రాలి గవరయ్య కంచంలో పడింది. ఇంకేముంది! "పెట్టింది! నాకే ముందు పెట్టింది! పెద్దకొడుకునని మరిచిపోలేదు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆ ఆకు నమిలి మింగాడు. సన్నాసి మూతి ముడుచుకున్నాడు. "అమ్మకెప్పుడూ నువ్వంటేనే ఇది. నేను తల్లి లేని పిల్లాణ్ణి," అని కంచం బోర్లించి లేచిపోయాడు.

గోడ అవతల నరసాయమ్మ గొడ్లకి కుడితి పెడుతూ చూసింది. "ఏటర్రా ఇది?"

"అమ్మని చూసుకుంటన్నాం పిన్నీ."

ఆవిడ కాసేపు వాళ్ళని చూసింది, కాసేపు కుడితి తాగుతున్న గేదెని చూసింది. "నువ్వే నయమే," అని గేదె మెడ నిమిరి లోపలికి పోయింది.

వానలు పడ్డాయి. కత్తి నూరారు. ఇప్పుడు వచ్చిపడింది అసలు సమస్య. ముసలి కొమ్మ ఏది, లేత కొమ్మ ఏది? కళ్ళున్నవాడెవడికైనా తెలుస్తుంది. బెరడు ముదిరి, నెర్రెలు విచ్చి, ఆకు లేక ఎండుకర్రలా ఉన్నది ముసలిది, పచ్చగా నిగనిగలాడేది లేతది. కానీ వీళ్ళు ఉత్త కళ్ళతో చూసే మనుషులా! తెలివితో చూస్తారు.

"ముసలివాళ్ళని ఎలా గుర్తుపడతాం?" అని అడిగాడు గవరయ్య గురువుగారిలా.

"తల తెల్లబడుతుంది," అంది పైడమ్మ.

ముగ్గురూ ఒక్కసారే నందివర్ధనం వైపు తిరిగారు. కొమ్మ కొమ్మకీ కొసని తెల్లటి పూలు విరగబూసి ఉన్నాయి. ఒక్క కొమ్మకైనా నల్లటి తల లేదు.

"ఓలమ్మో! ఇంటిల్లిపాదీ ముసలాళ్ళే!" అన్నాడు సన్నాసి.

"అత్త కొన్ని కొయ్యమంది కదండీ?" అంది పైడమ్మ.

"కొన్ని ముసలివైతే కొన్ని కొయ్యాల. అన్నీ ముసలివైతే అన్నీ కొయ్యాల. ఆ మాత్రం లెక్క రాదేటి నీకు?" అని గవరయ్య కసిరాడు.

అంతే. ఠప్, ఠప్, ఠప్. సంక్షేమమో సంహారమో తెలియకుండా పని ముగించడం మూర్ఖులకే చాతనవుతుంది. ఎంత బుద్ధిమంతుడైనా అంత వేగంగా చెయ్యలేడు. ఒక్క కొమ్మ మిగల్లేదు. నేలకి బెత్తెడెత్తున మోళ్ళు మాత్రం నిలిచాయి.

అప్పుడు ఆ మోళ్ళ నుంచి తెల్లగా పాలు కారాయి. నందివర్ధనాన్ని ఎక్కడ గిల్లినా పాలు వస్తాయి, పూలు కోసిన ప్రతి ఆడపిల్లకీ తెలిసిన సంగతే. పైడమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క పువ్వు కోసిన పాపాన పోలేదు. ఆవిడ గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో, ఓలమ్మో! పాలొస్తన్నాయి! ఇది ముసల్ది కాదండీ, బాలింత! పచ్చి బాలింతని నరికేశారు!"

ఇంకేముంది, కత్తి కింద పడింది. గవరయ్య కూలబడ్డాడు. సన్నాసి పిల్ల ఎక్కడుందోనని చుట్టుపక్కల పొదలన్నీ వెతికాడు. దొరక్కపోయేసరికి ముగ్గురూ గొల్లుమన్నారు. ఆ మోళ్ళని చూడలేక, రెండు చెట్లకీ అని ఉంచిన మాగిన ఎరువంతా తట్టలతో తెచ్చి వాటి మీద పోసి కప్పేశారు. "ఇంక ఇటువైపు ఎవరూ రాకూడదు. ఆ ఉసురు మనకి తగుల్తాది," అని తీర్మానించి, మధ్యలో తడిక కట్టేశారు.

మిగిలింది మందారం.

"దీని తల ఎర్రగా ఉంది. ఇది ముసల్ది కాదు," అన్నాడు సన్నాసి.

"మా పెదమ్మ తల కూడా ఎర్రగానే ఉంటాది. గోరింటాకు పెడతాది," అంది పైడమ్మ. "ఎంత ముసల్దైతే అంత ఎరుపు."

ఇది పెద్ద చిక్కు. గవరయ్య చాలాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, తీర్పు చెప్పాడు. "ఆడవాళ్ళ వయసు అడక్కూడదు. మర్యాద కాదు. దీన్ని కొయ్యొద్దు." మంచిదే అనుకున్నారా? ఆగండి.

పట్నం నుంచి బంగారమ్మ చెల్లెలు ఫోన్ చేసింది. "ఆపరేషన్ బాగా అయింది బాబూ. కళ్ళకి వెలుతురు తగలకూడదన్నారు. తల మీద చుక్క నీరు పడకూడదట. తల కింద దిండు పెట్టి కదలకుండా పడుకోబెట్టేం."

"మేమూ అలాగే చేస్తాం పిన్నీ," అన్నాడు గవరయ్య.

"మీరు చేసేదేటుంది?" అని ఆవిడ అయోమయంగా ఫోన్ పెట్టేసింది.

అంతే. అమ్మని చూసుకున్నట్టు చూసుకోవాలి కదా! ఇంట్లో ఉన్న రెండు గొంగళ్ళూ తెచ్చి మందారానికి చుట్టబెట్టారు, చాలక కొస మాత్రం బయట మిగిలింది. పక్కన దిండు కట్టారు. బయట కుంభవృష్టి. "తల మీద చుక్క పడకూడదు," అంటూ సన్నాసి నిచ్చెనెక్కి మందారానికి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాడు తడిసి ముద్దయ్యాడు, జలుబు చేసింది, తుమ్మాడు. తుమ్మినప్పుడల్లా చెట్టుతో "చిరంజీవ" అనిపించుకోవాలని ఆగి చూశాడు.

వాన వెలిశాక నరసాయమ్మ అటుగా వచ్చింది. గొంగళ్ళలో మూట కట్టిన మందారాన్ని చూసి నోట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు.

"ఓరి మీ మొహాలు మండ! ఒదిన ఏటి అడిగిందిరా మిమ్మల్ని? పువ్వు చేతికి అందాలంది. ముసల్దానికి అదొక్కటే కోరిక. ఆ కొసన ఉన్న పువ్వు ఎలా అందుతాదిరా? మీ తాత ఎత్తుకుంటాడా?"

"తాత పోయేడు కదా పిన్నీ," అన్నాడు సన్నాసి.

కానీ ఆ మాట గవరయ్య మనసులో నాటుకుంది. పువ్వు చేతికి అందాలి. ఎలా? చెట్టుని కొయ్యకూడదు, మర్యాద కాదు. అమ్మని పొడుగు చెయ్యలేం, వయసైపోయింది. మరి? వాడి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు చూసే నరసాయమ్మ వణికి ఇంటికి పోయింది.

"చెట్టు ఎత్తుగా ఉంటే చెట్టుని దించాల!"

గునపాలు తెచ్చారు. అమ్మ చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తుందో కొలతకి అమ్మ లేదు. అందుకని పైడమ్మని అమ్మలా నడుం వంచి, చేతికి కర్రిచ్చి, ఒక చెయ్యి పైకెత్తించి నిలబెట్టారు. "కదలకు, కొలత పోతాది," అన్నాడు గవరయ్య. గొయ్యి తవ్వినంతసేపూ ఆవిడ అలాగే ఉంది. దోమ కుడితే కొట్టుకోవడానికి లేదు. సాయంత్రానికి నడుం నిజంగానే పట్టేసింది. జన్మలో మొదటిసారి అత్తగారి కష్టం ఆవిడ నడుముకి తెలిసింది. బుర్రకి ఇంకా చేరలేదు, అది దూరం కదా.

మందారాన్ని వేళ్ళతో పెకలించి, గొంగళ్ళతో సహా గోతిలోకి దించారు. కొసన ఉన్న నాలుగు మొగ్గలు పైడమ్మ వేళ్ళకి సరిగ్గా తగిలాయి.

"అందింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పీకలదాకా మట్టి పూడ్చి తొక్కారు. మళ్ళీ వాన పడి గొయ్యి చుట్టూ నీళ్ళు నిలిస్తే, "పాపం, కాళ్ళు నానబెట్టుకుంది, నొప్పులు తగ్గుతాయి," అంది పైడమ్మ తన నడుం పట్టుకుని.

కొన్ని వారాలకి మళ్ళీ ఫోన్. రెండో కన్నూ బాగుపడింది, కట్లు విప్పేశారు, నల్లకళ్ళద్దాలు పెట్టారు, మీ అమ్మని పంపుతున్నాం.

ఇంకేముంది, సన్నాసి సంతకి పరిగెత్తాడు.

బంగారమ్మ బస్సు దిగింది. మబ్బు తెరలు తొలగిపోయిన కళ్ళు. దారిపొడుగునా ప్రతి గడ్డిపరకనీ పలకరించుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా పెరట్లోకి నడిచింది. ఆ కొత్త కళ్ళతో మొదట చూడాలనుకున్నది ఆ పూలనే మరి.

చూసింది. పెరడు మధ్యలో నేలలోంచి ఒక గొంగడి మూట పొడుచుకొచ్చి ఉంది. దాని పైన నాలుగు వడిలిన ఆకులు. ఆకుల మధ్య నల్లకళ్ళద్దాలు.

నల్లకళ్ళద్దాల ముసలమ్మా, నల్లకళ్ళద్దాల మందారమూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"నీలాగే చూసుకున్నామమ్మా," అన్నాడు గవరయ్య, ఛాతీ పొంగించి. "చెయ్యి చాపు, అందుతాది."

ఆవిడ చెయ్యి చాపింది. ఒక మొగ్గ ముట్టుకుంది. కుళ్ళిన మొగ్గ చేతిలోకి ఊడొచ్చింది. బంగారమ్మ ఏడవలేదు. అద్దాలు తీసి తుడుచుకుంది.

"నందివర్ధనమేదిరా?"

ముగ్గురూ తలలు వంచుకున్నారు. "బాలింత అత్తా... తెలీలేదు... అటు వెళ్ళకు," అని పైడమ్మ వెక్కింది. బంగారమ్మ తడిక పీకి అవతల పారేసింది.

తడిక వెనక నందివర్ధనం ఉంది. మోకాలెత్తున గుబురుగా, నిగనిగలాడే ఆకుతో, మోడు మోడుకీ గుత్తులుగా చిగుళ్ళేసి నిలబడి ఉంది. మొదలంటా కోత పడింది, కడుపునిండా ఎరువు పడింది, వాన పడింది. అన్నిటికంటే ముఖ్యం, ఆ తెలివైన ముగ్గురి చూపు దాని మీద పడలేదు. బతికి బట్ట కట్టింది. ఒక కొమ్మ కొసని, బంగారమ్మ వంగిన నడుముతో వంగిన చోటికే, ఒకే ఒక్క తెల్ల పువ్వు.

ఆవిడ దాన్ని కొయ్యలేదు. ముందు స్నానం చెయ్యాలి. చేతివేళ్ళతో ఒకసారి తడిమి చూసి, వెనక్కి తిరిగింది. అప్పుడు తగిలింది ఆ ముగ్గురికీ.

"నన్ను చూసుకున్నట్టేనట్రా? గొంతుదాకా పాతిపెట్టి, ఊపిరాడకుండా మూట కట్టి, పైన అద్దాలు పెట్టి! అవునులే, అచ్చం నన్ను చూసుకున్నట్టే చూసుకున్నారు. ఆ ఎరువు చెట్టుకి కాదురా వెయ్యాల్సింది, మీ తలకాయలకి వెయ్యండి, ఏదైనా మొలుస్తాదేమో!"

నరసాయమ్మని పిలిచి, మందారాన్ని పైకి తీయించి, ఇంకా పచ్చగా ఉన్న రెండు కొమ్మలు కోసి గుచ్చుకుంది. తరవాత స్నానం చేసి వచ్చింది. తడి చేత్తో ఆ ఒక్క పువ్వూ కోసింది. దేవుడి ముందు పెట్టింది. గుక్కెడు నీళ్ళు తాగింది. ఆ గుక్క ఎంత తియ్యగా ఉందో ఆవిడకే తెలుసు.

బయటికొచ్చి చూస్తే, ముగ్గురూ ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. తలల మీద తలో తట్టెడు పేడెరువు.

"అమ్మా, చెంబెడు నీళ్ళు పొయ్యి," అన్నాడు గవరయ్య కదలకుండా.

మళ్ళీ ఆవిడే పొయ్యాలి. పోసింది. చెంబుతో కాదు, బిందెతో.

పేడలో గడ్డివిత్తనాలుంటాయి కదా. కొన్నాళ్ళకి సన్నాసి నెత్తిమీద ఒక పచ్చటి పరక తలెత్తింది. ఇంకేముంది! "మొలిచింది! తెలివి మొలిచింది!" అని వాడు వీధంతా తిరిగి చూపించాడు. గవరయ్య అసూయతో అన్నం మానేశాడు. పైడమ్మ మరిదికి దిష్టి తీసింది. ఆ గర్వంలో వాడు నరసాయమ్మ పాక పక్కన గోడకి చేరబడి కునుకు తీశాడు. గుంజకి కట్టేసిన మేక మెడ చాచి, పరకని ఒక్క గుంజు గుంజి నమిలేసింది.

సన్నాసి లేచి తల తడుముకుని లబోదిబోమన్నాడు. "నా తెలివంతా మేక తినేసింది!"

గవరయ్య వచ్చాడు, మేకని పరీక్షగా చూశాడు. అది గడ్డం ఊపుతూ నెమరేస్తోంది.

"అల్లరి చెయ్యకురా," అన్నాడు మెల్లగా. "తెలివి ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది మేక దగ్గరుంది. చూడు, ఎలా ఆలోచిస్తందో!"

అంతే. ఆ రోజునుంచి ఆ ఇంట్లో చిన్న పని తలపెట్టినా ముగ్గురూ చేతులు కట్టుకుని మేక దగ్గరికి పోతారు. చెట్టు కొమ్మ కొయ్యాలా, గొయ్యి తవ్వాలా, గొంగడి కప్పాలా అని అడుగుతారు. మేక నెమరేస్తుంది, ఏమీ చెప్పదు. అది చెప్పేదాకా వీళ్ళు ఏమీ చెయ్యరు.

"ఇన్నాళ్ళకి ఇంట్లో ఒక పెద్దదిక్కు దొరికిందే నరసా," అంటూ బంగారమ్మ రోజూ సాయంత్రం మేకకి గుప్పెడు గడ్డి వేసి వస్తుంది. పెరట్లో నందివర్ధనం నడుమెత్తు పెరిగింది. మందారం కొమ్మలు రెండూ బతికాయి.